రాజవ్వ తాళంచెవి

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను జగిత్యాల ప్రాంతానికి భద్రతా సమన్వయకర్తగా వేశారు. మా కంపెనీకి జగిత్యాలలో రైస్ మిల్లు, కోరుట్లలో పసుపు పాలిష్ యూనిట్, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు ఉండేవి. మూడు చోట్లా పనివాళ్లకు ప్రమాదం జరగకుండా చూడడం నా బాధ్యత. హోదా పేరు పొడుగు, అధికారం పొట్టి. యంత్రం ఆపమని సలహా ఇవ్వగలను; ఆపించే అధికారం యూనిట్ మేనేజరుది. కాబట్టి ఉద్యోగంలో సగం బేరమే. అది నాకు కొత్త కాదు. మెట్‌పల్లిలో మాది ఇనుప సామాన్ల దుకాణం.

మొదట చేపట్టింది తాళాల పద్ధతి. యంత్రంలోకి దిగాల్సిన మనిషి మెయిన్ స్విచ్ ఆపి, దాని పిడికి సొంత తాళం వేయాలి, పేరు రాసిన అట్టముక్క తగిలించాలి, స్టార్ట్ బటన్ నొక్కి యంత్రం కదలదని చూసుకోవాలి, తాళంచెవి జేబులో వేసుకుని అప్పుడు దిగాలి. ఎవరి తాళం వారిదే, దానికి ఒక్కటే చెవి. హెడ్డాఫీసు ఇందుకో ఖరీదైన రకం సూచించింది. ధర చూసి నాలోని దుకాణదారు ఊరుకోలేదు. తెలిసిన హోల్‌సేల్ వ్యాపారి దగ్గర కూర్చుని, రెండు చాయ్‌లు తాగి, చూడడానికి అచ్చం అలాంటివే సగం ధరకు తెచ్చాను. మూడు యూనిట్లలో యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లకు పంచి, అందినట్టు సంతకాలు తీసుకున్నాను. హెడ్డాఫీసు మెచ్చుకుంది. నన్ను నేను ఇంకొంచెం ఎక్కువ మెచ్చుకున్నాను.

నెల తర్వాత కోరుట్లకు తనిఖీకి వెళ్లాను. పసుపు కొమ్ములను రాపిడితో నున్నగా చేసే పెద్ద ఇనుప డ్రమ్ములో జాలీ చిరిగింది. మెకానిక్ రాజేశం అన్నీ పద్ధతి ప్రకారం చేసి లోపలికి దూరాడు. నేను మేనేజరును స్విచ్ బోర్డు దగ్గరికి తీసుకెళ్లి, ఇక ఈ తాళాన్ని రాజేశం తప్ప ఎవరూ తీయలేరని వివరిస్తున్నాను. పక్కన కొమ్ములు ఏరుతున్న రాజవ్వ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎందుకు నవ్వుతున్నావని అడిగాను.

"ఏం లేదు సారూ. జెర పక్కకు జరుగుండ్రి" అని లేచి, కొంగు ముడి విప్పి, తన తాళంచెవిని రాజేశం తాళంలో పెట్టి తిప్పింది. తెరుచుకుంది.

డ్రమ్ము లోపలి నుంచి రాజేశం సుత్తి చప్పుడు వినబడుతూనే ఉంది.

నేను రెండు చేతులతో స్విచ్ పిడిని పట్టుకుని నిలబడ్డాను. మేనేజరు కేకేసి రాజేశాన్ని బయటికి రప్పించాడు. సంగతి విని అతను ఆశ్చర్యపోలేదు. ఆడవాళ్లు సద్దిగిన్నెల పెట్టెలకు కూడా ఈ తాళాలే వేస్తున్నారట. చెవి మరిచిపోతే పక్కవాళ్లది తీసుకుంటున్నారట.

"చెవి పోతే అక్కరకొస్తదని మీరే గట్ల ఇచ్చిండ్రనుకున్నం సార్" అన్నాడు.

మరి నాకెందుకు చెప్పలేదని రాజవ్వను అడిగాను.

"మీరడిగిండ్రా? సంతకం పెట్టుమన్నరు, పెట్టినం."

మేనేజరుకు సీజను తొందర. స్విచ్ దగ్గర మనిషిని నిలబెట్టి పని కానిద్దామన్నాడు. తాళాల తప్పు నాదని నివేదికలో నేనే రాస్తానని, మనిషిని నిలబెట్టి చేయించిన సంగతి మాత్రం ఆయన పేరుతో రాయాల్సి వస్తుందని చెప్పాను. ఆయన వెనక్కి తగ్గాడు, బేరం కుదిరింది. దారి చూపింది రాజేశమే. అతనికి పని నేర్పిన ఉస్తాద్ మెయిన్ స్విచ్‌లోని మూడు ఫీజులూ పీకి జేబులో వేసుకున్నాకే యంత్రంలోకి దిగేవాడట. రాజేశం కూడా అలాగే చేసి మళ్లీ లోపలికి వెళ్లాడు.

అవే తాళాలు జగిత్యాలలోనూ, సిరిసిల్లలోనూ వేలాడుతున్నాయి. నేను వచ్చేదాకా ఎవరూ యంత్రంలో చేయి పెట్టకుండా చూడమని రెండు చోట్లకూ ఫోన్ చేసి, రాజవ్వను ఆమె తాళంచెవి అడిగాను. మరి నీ సద్ది ఎట్లా అన్నాను.

"రాజేశం చెవితోటి తీసుకుంట. మీకు గిప్పుడా ఫికర్?"

ఆ చెవి మిల్లు తాళాన్నీ తెరిచింది, సిరిసిల్ల తాళాన్నీ తెరిచింది. ఫీజులు పీకే పద్ధతి రెండు చోట్లా పెట్టించి, నివేదికలో 'కారణం' అన్న గడిలో 'నేను చేసిన కొనుగోలు' అని రాశాను. మెమో వచ్చింది. కృతజ్ఞతతోనే తీసుకున్నాను, డ్రమ్ములో రాజేశానికి ఏమన్నా అయి ఉంటే అదే కారణంతో అంతకంటే పెద్ద కాగితం రాయాల్సి వచ్చేది.

మా బాపు దుకాణంలో అగ్గువ తాళాలు డజన్ల కొద్దీ అమ్మేవాడు, కానీ మా షటరుకు మాత్రం వాటిని ఎన్నడూ వేయలేదు. చిన్నప్పటి నుంచి చూసిన సంగతే. కొనేటప్పుడు గుర్తుకు రాలేదు.

హెడ్డాఫీసు చెప్పిన రకం తాళాలు వచ్చాక, పంచకముందు రాజవ్వ ముందు కుప్ప పోశాను. ఆమె, మరో ఇద్దరు ఆడవాళ్లు ఒక పూటంతా కూర్చుని ప్రతి చెవినీ మిగతా తాళాలన్నింటిలో తిప్పి చూశారు. ఏదీ తెరుచుకోలేదు. సద్ది పెట్టెలకు వేరే తాళాలు ఇప్పించాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా తనిఖీ పట్టికలో ఒక వరుస అదనంగా ఉండేది: సంతకం తీసుకునే ముందు, ఆ వస్తువు వాడే మనిషిని దాని గురించి ఏం తెలుసో అడగాలి.