చుక్క టీ ముట్టని మనిషి

పరిశోధనశాలలో అందరూ ఆమెను ల్యాబక్క అంటారు. జనం ఎంత టీ తాగుతున్నారో మూత్రపరీక్షతో తేల్చే చోట ఆమె పని. రోజుకెన్ని కప్పులని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. టీ ఒంట్లో అరిగాక ఏర్పడే ఒక పదార్థం మాత్రం మూత్రంలోకి దిగి, ఉన్నమాట చెప్పేస్తుంది.

పోల్చి చూడటానికి టీ అలవాటు లేనివాళ్లు కావాలంది అక్కడి డాక్టరమ్మ.

"మా ఆయన ఉన్నారు కదా మేడం, చుక్క ముట్టరు," అంది ల్యాబక్క గొప్పగా.

ఆయన దర్జీ. పెళ్లయిన కొత్తలోనే కడుపులో మంటని టీ మానేశాడు. ఆయన ఎదుట తాగడం బాగుండదని, ప్రాణం లాగుతున్నా తనూ మానేసింది.

ఫలితం వచ్చాక డాక్టరమ్మ పిలిచింది.

"మీ ఆయన టీ తాగరన్నావ్?"

"పళ్లు తిన్నా అది కనిపిస్తుందన్నారు కదా మేడం?"

"కాస్త కనిపిస్తుంది. ఇంత కనిపించాలంటే తోటంతా తినెయ్యాలి."

ల్యాబక్క ముఖం మాడిపోయింది. తాగితే తాగాడు, ఎవరి చేతి టీ?

ఆ సాయంత్రం పెందలాడే బయలుదేరి దర్జీ కొట్టుకు వెళ్లింది. మిషను దగ్గర ఎవరూ లేరు. పక్కన ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టులో, అద్దం ముక్కల మధ్య స్టూలేసుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని తాగుతున్నాడు మొగుడు. తను వండింది తినేటప్పుడు ఆ ముఖంలో అంత సుఖం ఎన్నడూ చూడలేదు. స్టవ్ దగ్గర నవ్వుతూ నిలబడ్డ కొట్టావిణ్ణి చూడగానే ఒళ్లు భగ్గుమంది.

"రా వదినా! నువ్వు టీ తాగవని అన్నయ్య చెప్పాడు. లేకపోతే ఎప్పుడో పిలిచేదాన్ని కాదూ!"

"నేను తాగనా?" మొగుడి వైపు తిరిగింది. "మీకోసం నోరు కట్టుకున్నదాన్నండీ నేను!"

ఆయన గ్లాసు దించాడు. "నీ టీ కషాయంలా ఉండేదే. చెబితే నొచ్చుకుంటావని కడుపులో మంటన్నాను."

"మంట ఇప్పుడు నాకు లేచింది!"

కొట్టావిడ ఒక గ్లాసు అందించింది. ల్యాబక్క కసిగా గుక్క వేసింది. బాగుంది. బాగోలేకపోయుంటే కాస్త ప్రాణం కుదుటపడేది. ఎలా పెట్టావని అడగడానికి నోరు రాలేదు గానీ, గ్లాసు ఖాళీ చేసింది.

మర్నాటి నుంచి ఇంట్లో టీ కాచింది. ఆయన మారుమాట లేకుండా తాగేవాడు. ఆ మౌనమే ఆమెకు గుచ్చుకునేది. "బాగోలేకపోతే బాగోలేదని చెప్పండి!" అని ఒకరోజు కసిరితే, "పొడి కాస్త తగ్గిస్తే..." అని నసిగాడు. తగ్గించింది. కుదిరింది.

పొద్దుటి టీ ఇంట్లో, సాయంత్రంది ఆ కొట్టులో. దానికి ల్యాబక్క ఒప్పుకుంది, ఆ కొట్టావిడతో నవ్వుతూనే మాట్లాడుతుంది. కానీ తమ పెళ్లిఫొటోకు ఫ్రేము కట్టించాల్సి వచ్చినప్పుడు, దూరమైనా సరే, పనితనం అంతంతమాత్రమైనా సరే, నాలుగు వీధుల అవతల ఇంకెవరికో ఇచ్చివచ్చింది.