పరీక్షకు ముందే మానేసిన పుల్కాలు

మా ఇంట్లో రాత్రిపూట అన్నం వండడం మానేసి చాలా కాలమైంది. అత్తగారికి షుగరు వచ్చాక మొదలైన పుల్కాలు, కడుపుకు తేలికన్న నమ్మకంతో నా కంచంలోకీ వచ్చాయి. నాకేమో తిన్నాక ఉబ్బరం, నొప్పి. హైటెక్ సిటీ ఆఫీసులో ఏ మీటింగుకెళ్లినా తలుపు పక్కనున్న కుర్చీ వెతుక్కునేదాన్ని. నా కడుపు ఎంత గొడవ చేస్తే అత్తగారు అంత ప్రేమగా ఇంకో పుల్కా వేసేవారు.

గోధుమ పడకపోవచ్చని ఎక్కడో చదివి, ఎవరినీ అడగకుండా మానేశాను. నెల తిరిగేసరికి హాయిగా ఉంది. నా తెలివికి నేనే మురిసిపోతూ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"టెస్టుకు ముందే ఎందుకు బంద్ చేసిన్రమ్మా?" అన్నారాయన. "గోధుమ తినకుంటె, దానితోని పేగులు చెడే జబ్బున్నా రక్తంల కనపడకపోవచ్చు. మళ్ల రోజూ తినుండ్రి, కొన్ని వారాలైనంక చూద్దాం."

నాకు ఒళ్లు మండింది. మానేస్తే బాగుంది కదా, ఇంక టెస్టెందుకని అడిగాను.

"ఆ జబ్బే అయితే జన్మంత రవ్వంత కూడ తినొద్దు. వంశంల వచ్చేది గాబట్టి మీ పాపకు గూడ చూడాలె."

 పాప కూడా ఈమధ్య బడినుంచి కడుపు పట్టుకునే వస్తోంది.

మణికొండలోని ఇంటికొచ్చి చెబితే అత్తగారు చపాతీ కర్ర పక్కన పెట్టేశారు. "తెలిసి తెలిసి నొప్పొచ్చేది నా చేత్తో పెట్టల్లా? నాతో కాదు మా."

నేనే చేసుకున్నాను. అట్టముక్కల్లా వచ్చేవి. తినేదాన్ని, బాల్కనీలో అటూ ఇటూ తిరిగేదాన్ని, మా ఆయన ఎలా ఉందని అడిగితే విసుక్కునేదాన్ని. రేపటినుంచి తినను అని రోజూ అనుకునేదాన్ని. పాప మొహం చూసి మళ్లీ పిండి కలిపేదాన్ని.

చివరికి రక్తం ఇచ్చాను. రిపోర్టు చూసి డాక్టరు, "అనుమానం నిజమయ్యేటట్టే ఉంది. ఎండోస్కోపీ చేస్తెనే ఖాయం. అప్పటిదాక రొట్టె బంద్ చేయకుండ్రి" అన్నారు.

ఆ సాయంత్రం మళ్లీ పిండి డబ్బా తీశాను. అత్తగారు వచ్చి నా చేతిలోంచి దాన్ని తీసుకున్నారు. నా మొహం చూడకుండానే నీళ్లు పోసి కలపడం మొదలుపెట్టారు.

"ఇన్నాళ్లూ పెట్టింది నేనే కదా" అన్నారు. "ఈ నాలుగు దినాలు కూడా నేనే పెడతాలే."

పుల్కాలు మెత్తగా వచ్చాయి. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని తిన్నాం.