బొంత అరటని ఒప్పుకున్న బాబాయి

నరసరావుపేటలో మా పక్కింటి బాబాయి ఏ అరటి చెట్టునైనా బొటనవేలి గోటితో గీకి, "నాకు తెలవదా ఏంది?" అంటూ రకం చెప్పేవాడు. నా పెరట్లో పిలకనూ గీకి, వీధంతా వింటుండగా, "చక్కెరకేళి ఇది. చలికి నిలవదు, పీకెయ్యవే పిచ్చిదానా" అన్నాడు. ఆ మాట నేను మరవలేదు. చక్కెరకేళి ఆకు కాడ మీద గాడి తెరుచుకుని ఉంటుంది. దీనికి దాదాపు మూసుకుపోయింది. బొంత అరటేనని చెప్పినా వినలేదు.

పుష్యమాసపు చలికి ఆయన చక్కెరకేళి ఆకులన్నీ పసుపెక్కి వాలిపోయాయి. నా చెట్టు పచ్చగా నిలిచింది. బాబాయి గోడ దగ్గరికొచ్చి, "ఒక పిలక ఇయ్యమ్మా" అన్నాడు.

"ఇది ఏ రకమో అందరికీ వినబడేట్టు చెప్పు బాబాయ్, ఇస్తా."

"బొంతేనే తల్లీ, బొంతే!" అని నవ్వుతూ కేకేశాడు.

వెతికి వెతికి అన్నిటికన్నా పెద్ద పిలక తవ్వి ఇచ్చాను.