రేకు గొట్టంలో రెండు పేర్లు

ఎండిన నేల మీద నీళ్ళు చల్లినప్పుడు లేచే వాసన నన్ను నేరుగా ఆలూరు సినిమా డేరా దగ్గరికి తీసుకుపోతుంది. మొన్న కోడుమూరులో ఒక పెళ్ళికి వెళ్ళాం, నేనూ, ఏళ్ళ తరబడి నాతో ఒకే ఇంట్లో ఉంటున్న సుందరరావూ. దుమ్ము అణగడానికి పందిరి కింద బిందెలతో నీళ్ళు చల్లుతున్నారు. ఒక మూల ఒక యువకుడు మైకు పట్టుకుని చదివింపులు చదువుతున్నాడు: ఫలానా వారి దంపతులు, ఫలానా వారి కుమారుడు. ఆ వాసనా ఆ గొంతూ ఒకేసారి తగిలేసరికి లింగప్ప గుర్తుకొచ్చాడు. ఆయన్ను ఎరిగినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. అందుకే రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అది. చర్చి బడిలో అయిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. మిగిలినదంతా కర్నూలు గ్రంథాలయం బల్లల దగ్గర కూర్చుని సంపాదించుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మొహమాటం లేదు. ఇరవై దాటాక ఒక టూరింగ్ టాకీసులో ప్రకటనల పని దొరికింది. ఊరూరా డేరా వేసి సినిమా ఆడించే కంపెనీ. మధ్యాహ్నం ఎద్దులబండికి బొమ్మల అట్టలు కట్టుకుని, రేకు గొట్టంలో అరుస్తూ వీధులు తిరగాలి. ఆ డేరాకు మేనేజరు లింగప్ప. అంతకుముందు నాటకాల కంపెనీలో ఆడవేషాలు కట్టి మా జిల్లాలో మంచి పేరు తెచ్చుకున్నవాడు. తర్వాత నాటకాలకు నటీమణులు రావడం మొదలైంది, సినిమాలూ వచ్చాయి, ఆయన వేషాలు ఆగిపోయాయి. "ఆడోళ్ళ వేషాలు ఆడోళ్ళే కడతాండారు. మంచిదే గదప్పా" అనేవాడు. ఏదైనా దీర్ఘంగా ఆలోచిస్తున్నప్పుడు మాత్రం చేయి భుజం మీదికి పోయి, అక్కడ లేని పైటను సర్దేది.

మొదటిరోజు నేను బండి మీద నిలబడి నేర్చుకున్న భాషంతా కుమ్మరించాను. "ప్రేక్షక మహాశయులారా!" అని ఎత్తుకోగానే, బండి పక్కన నడుస్తున్న లింగప్ప గొట్టం దించమన్నాడు.

"ఏమప్పా ప్రకాశం, ఈ వీధిలో మహాశయుడు యాడుండాడో కొంచెం సూపించు."

"పుస్తకాల్లో అట్లే పిలుస్తారన్నా."

"పుస్తకం వచ్చి టిక్కెట్టు కొంటాదా? ఆ అరుగు మీద అవ్వ కూచోనుండాది, ఆమెను పిలువు. అమ్మా, అవ్వా, అక్కా అని ముందు ఆడోళ్ళను పిలువు. మొగోళ్ళు వాళ్ళెనకాలే వస్తారు."

సాయంత్రం నేల మీద నీళ్ళు చల్లి, డేరా మధ్యలో గుడ్డ తెర కట్టి ఆడవాళ్ళను ఒకపక్క, మగవాళ్ళను ఒకపక్క కూర్చోబెట్టేవాళ్ళం. ఆడవాళ్ళ గేటు దగ్గర లింగప్పే నిలబడేవాడు. ఆ పక్క నాలుగు తడికెలు కట్టించి లాంతరు పెట్టించాడు, ఆట మధ్యలో వాళ్ళు చీకట్లో చేలవైపు పోనక్కరలేకుండా. అంతకుముందు ఏ కంపెనీకీ ఆ సంగతి తోచలేదు. ఆడవాళ్ళు ఆయన్ను లింగన్నా అని పిలిచేవాళ్ళు, చంటిపిల్లను చేతిలో పెట్టి గోనెపట్టా పరుచుకోవడానికి లోపలికి పోయేవాళ్ళు. మా డేరాలో ముందు నిండేది ఎప్పుడూ ఆ పక్కే.

డేరా వెనుక చిన్న గుడారంలో లింగప్ప, ఆపరేటరు దస్తగిరి ఉండేవాళ్ళు. ఏ ఊరు మారినా వాళ్ళిద్దరిదీ ఒకే గుడారం, ఒకే పొయ్యి. దస్తగిరి తక్కువ మాట్లాడే మనిషి. సినిమా మిషను నడపడానికి లైసెన్సు ఉన్నది అతనొక్కడికే. ఒక ఉదయం నేను వెళ్ళేసరికి, మిషనులో కాలిన అతని చేతికి లింగప్ప కొబ్బరినూనె రాస్తూ నోటితో ఊదుతున్నాడు. మీరిద్దరూ అన్నదమ్ములా అని అడిగాను.

లింగప్ప నవ్వాడు. "అన్నదమ్ములైతే ఈపాటికి చేని గట్టు కాడ తలకాయలు పగలగొట్టుకోనుంటాం గదప్పా."

"నువ్వు నూనె సరిగా పుయ్యి" అన్నాడు దస్తగిరి.

నా మనసు మగవాళ్ళ వైపే పోతుందని నాకు అప్పటికే తెలుసు. దానికి పేరే తెలియదు. కర్నూలు పోయినప్పుడల్లా నిఘంటువులు, పురాణాలు, వైద్య గ్రంథాలు తిరగేశాను. దొరికిన మాటల్లో కొన్ని నవ్వడానికి, కొన్ని అసహ్యించుకోవడానికి, కొన్ని మందివ్వడానికి. ఆ గుడారం ముందు నేను చూసినదానికి సరిపోయే మాట ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

ఆలూరులో డేరా వేసిన ఎండాకాలంలో గొడవ వచ్చింది. ఆడవాళ్ళ గేటు కాడ మగవాడు ఏమిటని ఊరి పెద్ద ఒకాయన అభ్యంతరం చెప్పాడు. మా ఓనరు రెడ్డికి దానిలో వ్యాపారం కనిపించింది. మధ్యాహ్నం బండి కట్టి నేను బయలుదేరబోతుండగా, ఒక జరీ చీర తెచ్చి లింగప్ప ముందు పెట్టాడు.

"ఇది కట్టుకోని గేటు కాడ నిలబడప్పా. పెద్దాయన నోరు మూతపడతాది. నాటకాల హీరోయిను టిక్కెట్లు చింపుతాదని మన ప్రకాశం ఊరంతా అరుస్తాడు."

"అది కుదరదు రెడ్డీ."

"ఏంటికి కుదరదు? అన్నాళ్ళు కట్టినోడివే గదా. కొత్త పెండ్లికూతురు మాదిరి సిగ్గు పడతాండావే!"

పనివాళ్ళు నవ్వారు. లింగప్ప చీర అంచు తీసి చూసి, మడత చెదరకుండా మళ్ళీ పెట్టాడు.

"నాటకంలో కట్టింది వేషం. నేను ఏడిస్తే జనమూ ఏడ్చినారు. ఈడ కడితే నన్ను చూసి నవ్వుతారు. ఈడ నేను మేనేజరును."

"నవ్వితే నవ్వనీ. దుడ్లు వస్తాయి గదా."

"రానీ. నేను మాత్రం కట్టను."

రెడ్డికి కోపం వచ్చింది. "కట్టకపోతే పో. నీయట్లాటోణ్ణి ఎవడు పెట్టుకుంటాడో సూస్తా."

లింగప్ప చేయి ఒకసారి భుజం దాకా పోయి ఆగింది. గుడారంలోకి వెళ్ళి ట్రంకు పెట్టె మూత తెరిచాడు. ఇంతలో దస్తగిరి మిషను గది నుంచి దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నా గుడ్డలు గూడా సర్దు" అన్నాడు లోపలికి చూసి.

రెడ్డి తెల్లబోయాడు. "నిన్నెవరేమన్నారప్పా? ఆయప్ప నీకేమైతాడని పోతాండావు?"

ఆ ప్రశ్న అందరిలోనూ ఉన్నదే. నలుగురి ముందూ పైకి అడిగింది అదే మొదటిసారి. పనివాళ్ళు నవ్వడం మానేశారు.

"నా మనిషి" అన్నాడు దస్తగిరి.

రెడ్డి చీర తీసుకుని వెళ్ళిపోయాడు. ఆపరేటరు లేకుండా ఆట ఆడదు. ప్రకటనకు కట్టిన బండిలోనే వాళ్ళ ట్రంకు పెట్టె ఎక్కించుకుని బస్సు దగ్గరికి బయలుదేరాను. బొమ్మల అట్టలు విప్పే తీరిక లేకపోయింది. బండి చూసి ఆడవాళ్ళు అరుగుల మీదికి వచ్చారు. "ఈపొద్దు ఏం ఆటప్పా?" అని ఒకావిడ కేకేసింది. లింగప్ప నా చేతిలో గొట్టం తీసుకున్నాడు.

"అమ్మా, అవ్వా, అక్కా! ఈపొద్దు ఆట లేదు. లింగప్ప, దస్తగిరి ఊరిడిసి పోతాండారు. లింగప్ప, దస్తగిరి!"

నాటకాల గొంతు. వీధి చివరి దాకా వినిపించింది. దస్తగిరి తల దించుకున్నాడు, కానీ ఆపమనలేదు.

ఒక అరుగు మీది అవ్వ కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని చూసింది. "మళ్ళా ఎప్పుడొస్తారు నాయనా, ఇద్దరూ?"

తిరిగి రాలేదు. బద్వేలులో ఇద్దరూ కలిసి మైకుసెట్లు అద్దెకిచ్చే అంగడి పెట్టుకున్నారని తర్వాతెప్పుడో విన్నాను. నేనూ కర్నూలు వచ్చేశాను. గ్రంథాలయానికి వెళ్ళడం మానలేదు, కానీ ఆ మాట కోసం నిఘంటువులు వెతకడం మానేశాను.

మొన్న పెళ్ళిలో మా చదివింపు ఇచ్చాక, మైకు కుర్రవాడు పేరు అడిగాడు.

"ప్రకాశం, సుందరరావు."

"ఆయప్ప మీకేమైతాడు పెద్దాయనా? ఏమని చదవాల?"

"నా మనిషి. ఇంకేమీ తగిలించొద్దు. రెండు పేర్లూ కలిపి చదువు."

నన్ను ఒకసారి తేరిపార చూసి, చదివాడు. బంతిలో భోజనం చేస్తున్న సుందరరావు ముద్ద నోటి దాకా తెచ్చి, ఆగి, తల ఎత్తాడు.