జైనూర్ల అడిగిన మాట

జైనూర్ల దిగేసరికి పొద్దుగాల పదకొండు. వాన ఆగలే. కెరమెరి ఘాటు ఎక్కుతున్నప్పుడే మబ్బు కిందికి దిగి రోడ్డు కమ్మేసింది. డ్రైవర్ లైట్లేసుకోని, హారన్ కొట్టుకుంట ఒక్కో మలుపు తిప్పిండు. జీపు వెనకాల మందుల డబ్బా, తెల్ల బోర్డు, పాలిథిన్ కవర్ల చుట్టిన చార్టులు. ముందు సీట్ల డాక్టర్ మేడం. మానసిక వైద్యం చదువు అయిపోయినంక ఆమెకు ఇదే మొదటి ఫీల్డ్ డ్యూటీ. కరీంనగర్ల పుట్టి పెరిగింది. ఇంత అడివి చూసుడు ఇదే మొదలు అన్నది.

నేను ఆర్మీల నర్సింగ్ అసిస్టెంట్‌గ చేసిన, హవల్దార్‌గ దిగిన. మొదట్ల కొండల మీది పోస్టులల్ల, ఆఖర్ల మిలిటరీ దవాఖాన మానసిక వార్డుల. పెన్షన్ మీద గోదావరిఖనికి వచ్చి ఇంటికాడ ఉంటే, మానసిక ఆరోగ్య టీంల మనిషి కావాలన్నరు. చేరిన. మా కాలనీల బొగ్గు బాయి పని చేసే దోస్తులు ఎప్పుడు కలిసినా బార్డర్ ముచ్చట చెప్పుమంటరు. నేను జైనూర్ ముచ్చట చెప్పుత. అది సుత డ్యూటీనే.

ఆర్డర్ చిన్నది. చుట్టుపక్కల గూడేల ఆశా కార్యకర్తలకు, నర్సమ్మలకు వారం పాటు ట్రైనింగ్ ఇయ్యాలె. మనసు బాగలేని మనిషిని గుర్తుపట్టుడు, మాట్లాడుడు, అవసరమైతే దవాఖానకు తెచ్చుడు. మా బస దవాఖాన వెనక రేకుల క్వార్టర్ల. బట్టలు ఆరవు. కరెంటు ఉన్నంతసేపు ఉంటది. ఫోన్ సిగ్నల్ వరండా మూలకు ఒక్కకాడనే దొరుకుతది.

మొదటి రోజు హాల్ నిండింది. గుమ్మం కాడ తడి గొడుగులు కుప్ప పోసినట్టున్నయి. వచ్చినోళ్లల్ల ఎక్కువ మంది గోండు ఆడోళ్లు. తెలుగు, గోండి, మరాఠీ కలిపి మాట్లాడుతున్నరు. మేడం నిద్ర గురించి చెప్పింది, ఆకలి గురించి చెప్పింది, మనుషులల్ల కలవకుండ ఉండుడు గురించి చెప్పింది. అందరు తల ఊపిన్రు. తర్వాత అన్నది.

"అనుమానం వస్తే సూటిగ అడగాలె. చచ్చిపోవాలనిపిస్తుందా అని. అదే మాట. తిప్పి అడగొద్దు."

వాగు అవతలి గూడెం ఆశా కార్యకర్త సీతాబాయి లేచి నిలబడ్డది. నలభై దాటిన మనిషి. గొంతు తక్కువ.

"గట్ల అడుగుతరా మేడం? లేని ఆలోచన మనమే పెట్టినట్టు గాదా?"

"కాదు. అడిగితే ఆలోచన పుట్టదు. ముందే ఉన్నోళ్లకు చెప్పుకునే సందు దొరుకుతది."

"నాకు నోరు రాదు మేడం."

"అందుకే ఇక్కడ అలవాటు చేసుకుందం."

రోగి వేషం నాకు పడ్డది. సిపాయి లీవు మీద ఇంటికొచ్చిండు, నిద్ర పడతలేదు. గంతే కథ. ఆ ప్రశ్న వచ్చినప్పుడు "లేదు" అనాలని ముందే అనుకున్నం. మొదటి రోజు కాబట్టి తేలికది పెట్టినం.

సీతాబాయి నా ఎదురుంగ కుర్చీల కూసుంది. కొంగు భుజం మీదికి లాక్కుంది. అన్నం తింటున్నవా అన్నది. ఎన్నిసార్లు మెలకువ వస్తున్నది అన్నది. నేను అనుకున్నట్టే చెప్పుకుంట పోయిన. ఆమె నేల చూసింది, మళ్ల నన్ను చూసింది.

"చచ్చిపోవాలనిపిస్తుందా?"

"అవును" అన్న.

ఆమె మేడం దిక్కు చూసింది. మేడం నా దిక్కు చూసింది. ఆపలే. "తర్వాత ఏం చేస్తవో చెయ్యమ్మా" అన్నది.

సీతాబాయి కుర్చీ జర ముందుకు జరుపుకుంది. "అయితే నేను ఈడనే ఉంట" అన్నది.

అది సరైన జవాబు. మేడం బోర్డు మీద రాసింది.

చాయ్ టైంల వరండాల మేడం నా పక్కన నిలబడ్డది.

"మనం అట్ల అనుకోలేదు కదా హవల్దార్ గారూ."

"లేదు మేడం."

"ఇప్పుడు ఉందా ఆ ఆలోచన?"

"లేదు. ఎన్కట ఉండె. మంచు పోస్టుల. తొవ్వ మూసుకపోయింది. బంకర్ల నలుగురం."

"ఎవరన్నా అడిగిన్రా?"

"కింది నుంచి రేడియో ఆపరేటర్ రోజూ అడుగుతుండె. పోస్ట్ ఓకే? అని. ఓకే, ఓవర్ అంటుంటి."

"మరి?"

"మా బదులు వచ్చేటోళ్లు ఒక రోజు ముందుగాల ఎక్కొచ్చిన్రు. రాకుంటే నేను దిగొచ్చేటోణ్ని కాదు."

ఆమె చేతిల చాయ్ మీద మీగడ కట్టింది. తాగలే.

"రేపటి సంది పొద్దున క్లాసుకు ముందు నాతోని కూసోండ్రి" అన్నది. "డ్యూటీ అనుకోండ్రి."

కూసున్న. ఏం మాట్లాడుకున్నమో ఇక్కడ రాయ.

వారం నడిమిట్ల వాన పెరిగింది. వంతెన మీదికెల్లి వాగు పారుతున్నది. ఆ రోజు హాల్ సగం ఖాళీ. సీతాబాయి సుత రాలే. పగటి అన్నాలైనంక వరండా మూలకు ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టినం.

"మేడం, అడిగిన."

"ఎవర్ని సీతాబాయి?"

"మా గూడెం భీంరావు దాదాను. పత్తి రెండోసారి ఇత్తిండు. అది గూడ నీళ్ల పాలైంది. తింటలేడు, ఎవ్వలతోని మాట్లాడతలేడు. అడిగిన. అవునన్నడు. పురుగుల మందు డబ్బా ఇంట్ల పెట్టుకున్న అన్నడు."

మేడం గొంతు మారలే. "డబ్బా ఇప్పుడు ఎక్కడుంది?"

"నేనే అడుక్కోని తెచ్చి మా ఇంట్ల పెట్టి తాళమేసిన. మా ఆయనను దాదా కాడ కూసోబెట్టొచ్చిన."

"ఇంట్ల ఎవరున్నరు?"

"ఎవ్వల్లేరు. దాదా భార్య, మా వదినె, పుట్టింటికి పోయి వాగు అవతల చిక్కింది."

"వాగు దిగంగనే మేం వస్తం. అప్పటిదాక ఆయనను ఒంటరిగ వదలొద్దు."

"ఎంతసేపు మేడం?"

"తెల్వదు."

"మంచిది" అన్నది సీతాబాయి.

డ్రైవర్, నేను వాగు కాడికి పోయినం. ఎర్రటి నీళ్లు. టేకు కొమ్మలు కొట్టుకొస్తున్నయి. డ్రైవర్ అంచు కాడ నీళ్లల్ల ఒక కట్టె నాటిండు. "గీ కట్టె మొదలు బయట పడితే జీపు ఏస్త సాబ్. అంతకుముందు దేవుడు చెప్పినా ఎయ్య" అన్నడు. ఒడ్డు మీదికి ఎక్కితే ఫోన్ సిగ్నల్ దొరికింది. సీతాబాయికి చేసిన.

"నీళ్లు దిగలే. మనిషి ఎట్లున్నడు?"

"కూసున్నడు. నేనూ కూసున్న."

ఇంకోసారి. "దిగలే. ఎట్లున్నడు?"

"జొన్న గటుక కాసిన. జర తిన్నడు. నువ్వు ఇంటికి పోవా అంటుండు. పోను అన్న."

తెల్లారినంక కట్టె బయటపడ్డది. మేడంను ఎక్కించుకోని జీపు దాటింది. గూడెం దాక తొవ్వ లేదు, బురదల నడిచినం. మందుల డబ్బా నా నెత్తి మీద. భీంరావు ఇల్లు చేరేసరికి తలుపు బార్లా తీసి ఉంది. లోపట ఎవరూ లేరు. పొయ్యిల నిప్పు ఇంకా ఉంది. మేడం దర్వాజను పట్టుకోని నిలబడ్డది. పక్కింటి ముసలవ్వ బయటికొచ్చి చేన్ల దిక్కు చెయ్యి చూపించింది.

భీంరావు, సీతాబాయి ఇద్దరూ చేన్ల ఉన్నరు.

మేడం భీంరావుతోని గట్టు మీద చానసేపు కూసుంది. మేం దూరం నిలబడ్డం. ఆ మధ్యాహ్నం ఆయనను జీపుల ఆదిలాబాద్ దవాఖానకు తీస్కపోయినం. సీతాబాయి వెంట వచ్చింది. పొద్దూకేసరికి భార్య అక్కడికి చేరింది. కొన్ని రోజులు ఉంచుకోని పంపిన్రు. తర్వాతి నెల జైనూర్ల క్యాంపుకు ఆయన తనంతట తనే వచ్చిండు. గోలీలు ఏసుకుంటే నిద్ర ఎక్కువైతున్నదని మేడంతోని పంచాయితి పెట్టుకున్నడు. మేడం ఒక గోలీ తగ్గించింది.

ట్రైనింగ్ అయిపోయినంక కరీంనగర్‌కు తిరిగొచ్చినం. ఘాటు దిగేటప్పుడు ఎండ కాసింది. పెద్దపల్లి కాడ రైలు గేటు పడితే దిగి చాయ్ తాగినం. ఇప్పటికీ నెలకోసారి మేడం కాడికి పోత. రోగి కుర్చీల కూసుంట. నిద్ర మంచిగనే పడతది.

యాదికొచ్చేది మాత్రం ఆ పొద్దుటి చేను. సన్నపు తుంపర. నల్ల రేగడి. వరదకు పత్తి మొక్కలు మొత్తం ఒక్క దిక్కు ఒరిగి పడ్డయి. భీంరావు ఒక సాలు పట్టుకున్నడు. వంగి ఒక్కో మొక్కను లేపుతుండు, మొదలుకు మన్ను ఎగదోసి కాలితోని ఒత్తుతుండు. పక్క సాల్ల సీతాబాయి. కొంగు నడుముకు చుట్టుకోని ఆమె సుత అదే పని చేస్తున్నది. ఆయన ఒక మొక్క ముందుకు జరిగితే ఆమె ఒక మొక్క జరుగుతది. ఆయన నడుము పట్టుకోని ఆగితే ఆమె ఆగుతది. వాళ్ల వెనకాల రెండు సాళ్లు నిలబడి ఉన్నయి.