చుక్కడి గుండె

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. టైమమ్మను అత్త ఏనాడూ కొట్టలేదు, తోడికోడలు నవ్వనూ లేదు. అయినా ఆమె కడుపు రగిలిపోయేది. కారణం బయటికి చెబితే పరువు పోతుంది. కారణం ఒక గుర్రం మరి, అందులోనూ ఇరవై రెండేళ్ల ముసలి గుర్రం.

టైమమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, బస్సు డిపోలో పెట్టింది. ఇరవై మూడేళ్లుగా ఆమె సిటీ బస్సు నడుపుతోంది. ఒకసారి సొంత మొగుడు బస్సు కోసం పరుగెత్తుకొస్తుంటే అద్దంలో చూసి కూడా తలుపు మూసేసిందని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మొగుణ్ని అడిగితే, "అబద్ధం. రెండుసార్లు మూసేసింది" అంటాడు.

రోజంతా ఊరినంతా మోసే మనిషికి, సెలవు రోజున తనను మోసేవాడు ఒకడు కావాలనిపించింది. స్వారీ నేర్పే బడిలో పిల్లల్ని ఎక్కించుకుని నిమిషం కూడా నిలబడడం లేదని ఒక ఎనిమిదేళ్ల గుర్రాన్ని వదిలించుకోవాలని చూస్తున్నారని తెలిసి తెచ్చుకుంది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉండబట్టి చుక్కడన్నారు. వాడికి నిలబడడం చేతకాదు, ఆమెకు ఆలస్యం గిట్టదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో వాడికి చోటిచ్చింది. పద్నాలుగేళ్లుగా మొదటి ట్రిప్పుకు ముందు తెల్లారుజామున వాడి మీద కాలవ గట్టున వెళ్లి రావడం, తరవాత బస్సెక్కడం, అదీ ఆమె బతుకు. పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "ఒకడున్నాడుగా, నాలుగు కాళ్లవాడు" అని నోరు మూయించేది.

వాళ్లిద్దరూ ఏటా దూరపు పోటీకి వెళ్లేవారు. ఒక్క రోజులో ఎనభై కిలోమీటర్లు, మూడు చుట్లు. ముందొచ్చినవాళ్లకు కప్పు ఇస్తారు గానీ, ఆ ఆటలో అసలు గౌరవం పూర్తి చేయడానికే. ప్రతి చుట్టు చివరా పశువుల డాక్టరు గుర్రం గుండె మీద స్టెతస్కోపు పెడతాడు. వచ్చిన ఇరవై నిమిషాల్లోగా ఆ గుండె నిమిషానికి అరవై నాలుగుకు దిగాలి. దిగకపోతే పోటీలోంచి తప్పిస్తారు. దిగితే, కుంటుతోందేమో చూడడానికి చిన్న పరుగు తీయిస్తారు. ఫలితం గుర్రం పుస్తకంలో రాస్తారు. చుక్కడి పుస్తకంలో "పూర్తి" అని పదకొండుసార్లుంది. కిందటేడు మాత్రం ఆఖరి చుట్టులో గుండె అరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. "తప్పించాం" అని రాశారు.

ఈ ఏడు డాక్టరు వాణ్ని తలనుంచి తోకదాకా చూసి చెప్పాడు. "ఒక్కసారికి ఒప్పుకుంటాను. ఇదే ఆఖరు. నెమ్మదిగా తీసుకెళ్లండి."

పద్నాలుగేళ్ల పరుగుకు "తప్పించాం" అన్నది ఆఖరి మాట కాకూడదని టైమమ్మ పట్టు పట్టింది. తనొక స్టెతస్కోపు తెచ్చుకుని, రోజూ స్వారీ అయ్యాక వాడి ముందుకాలి వెనక పెట్టి లెక్కపెట్టేది. డెబ్బై, అరవై ఎనిమిది, మళ్లీ డెబ్బై. అలాంటి ఒక పొద్దున తోడికోడలు వచ్చింది.

తోడికోడలంటే మరిది పెళ్లాం. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తుంది. మనిషి ఎంత నిదానమంటే, ఇల్లు తగలబడుతోందని చెబితే ముందు చెప్పులెక్కడున్నాయో వెతుక్కుంటుంది. ఆ రోజు "అక్కా, టీ చల్లారిపోతోంది" అని చెప్పడానికి వచ్చి, చెప్పేసి వెళ్లకుండా చుక్కడి మెడకు ఆనుకుని నిలబడి ఆవలించింది. వాడూ ఆవలించాడు. స్టెతస్కోపు చెవులకున్న టైమమ్మకు వాడి గుండె చప్పుడు మందగించడం వినిపించింది. రెండు నిమిషాలు తిరిగేసరికి యాభై ఆరు.

ఒళ్లు మండింది. ముందు నమ్మలేదు. మర్నాడు తోడికోడల్ని ఏదో వంక పెట్టి షెడ్డులోకి పిలిచి లెక్కపెట్టింది, యాభై ఎనిమిది. ఆ మర్నాడు పిలవకుండా చూసింది, డెబ్బై. మొగుడి మీద అనుమానమొచ్చిన పెళ్లాం జేబులు వెతికినట్టు వారం రోజులు ఆ గుండెను వెతికింది. ప్రతిసారీ దొరికింది ఒకటే. గడ్డి తను వేసింది, గిట్టలు తను గీకింది, కడుపునొప్పి వచ్చిన రాత్రుళ్లు తను కాపలా ఉంది. వాడు మాత్రం ఆ ఆవలింతల మనిషి పక్కన నిద్రపోతాడు! సొమ్మొకడిది, సోకొకడిది!

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పైగా పోటీ ముందు రోజు తోడికోడలు "నేనూ రానా అక్కా?" అని అడిగితే, "ఎండ, దుమ్ము. నీకెందుకమ్మా ఆ అవస్థ" అంది, ఎంతో ప్రేమున్నట్టు.

తోడికోడలు వచ్చింది. టైమమ్మ మొగుడు నీళ్ల డ్రమ్ములు వ్యానులో పెట్టుకుని వస్తూ తనే ఎక్కించుకొచ్చాడు. మొదటి చుట్టు ముగించుకుని వస్తూ, వ్యాను నీడలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్న ఆమెను చూడగానే టైమమ్మకు నోరంతా చేదైంది. "అక్కడే కూర్చో. జనాన్ని చూస్తే వాడు బెదురుతాడు" అని కేకేసింది. వాడు పద్నాలుగేళ్లుగా లారీలకు కూడా బెదరలేదు.

మొదటిసారి గుండె పదిహేనో నిమిషానికి దిగింది. రెండోసారి పంతొమ్మిదో నిమిషానికి. మూడో చుట్టులో కొండ వాలు దగ్గర టైమమ్మ దిగి వాడి పక్కన నడిచింది. "మనకెవరూ వద్దురా. నువ్వూ నేనూ చాలు" అంది. వాడు చెవులు ఆమె వైపు తిప్పి, తనే ముందు నడిచి తొందర పెట్టాడు.

గీత దాటారు. మొగుడు వాడి మీద నీళ్లు కుమ్మరించాడు, ఆమె వాడి ఒళ్లంతా తుడిచింది. ఆరో నిమిషానికి డెబ్బై రెండు. పదో నిమిషానికి అరవై ఎనిమిది. పన్నెండుకీ అరవై ఎనిమిదే. వాడు దారివైపు చూస్తూ నేలను గీకుతున్నాడు.

"మా మరదల్ని పిలవరాదూ?" అన్నాడు మొగుడు మెల్లగా.

"ఎందుకు?"

"ఎందుకేమిటి? ఆ అమ్మాయి పక్కనుంటే వాడు చల్లబడతాడు. ఇంట్లో అందరికీ తెలుసు. నీకు చెప్పే ధైర్యం ఎవరికుంది?"

తన దగ్గర అందరూ దాచారన్నమాట! తను దాచుకున్నదీ అదేనన్న మాట ఆమెకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. అసూయకు మతిమరుపెక్కువ. పదమూడో నిమిషం దాటుతుంటే, "తప్పించాం" అన్న ఆ మాట కళ్ల ముందు కనబడింది. కేకేసింది. "ఏయ్ అమ్మాయ్, ఇటు రా!"

తోడికోడలు వచ్చి పగ్గం అందుకుంది. వాడి మెడ మీద చెయ్యి వేసింది. అరవై ఆరు. వాడి కళ్లు మాత్రం టైమమ్మ మీదే ఉన్నాయి.

"అక్కా, ఏమీ అనుకోవుగా?" అంది తోడికోడలు నేల చూపులు చూస్తూ. "నువ్వు కాస్త అటు వెళ్తావా? నువ్వు కనబడుతుంటే ఇంకా వెళ్లాలేమో అనుకుంటున్నాడు."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. టైమమ్మ పక్కనే ఆగి ఉన్న నీళ్ల ట్యాంకరు వెనక్కి వెళ్లింది. తన గుర్రం, తన ఆఖరి పోటీ, తనేమో చక్రం పక్కన దొంగలా నిలబడి వినాలి. ఆవలింత ఇక్కడికి వినబడదు గానీ, ఆవలించే ఉంటుంది, మహాతల్లి.

"అరవై," అన్నాడు డాక్టరు. "పద్దెనిమిదో నిమిషం. సరే, ఇప్పుడు పరుగు తీయించండి."

అటు తరవాత గిట్టల చప్పుడు లేదు. ఎవరో నవ్వారు. టైమమ్మ ట్యాంకరు పక్కనుంచి తొంగిచూసింది. తోడికోడలు పగ్గం పట్టుకుని లాగుతోంది. చుక్కడు కళ్లు సగం మూసుకుని, వెనక కాలు ఒకటి వాల్చి, కదిలే ఉద్దేశమేమీ లేకుండా నిలబడ్డాడు. "పద నాన్నా, పద బంగారం" అంటోంది ఆమె. వాడు పెదవి వేలాడేశాడు.

టైమమ్మకు ప్రాణం లేచొచ్చింది. బాగా అయింది! నిద్రపుచ్చడం తెలిస్తే సరా, లేపడం తెలియొద్దూ? వెంటనే వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఆ నవ్వుల మధ్య తోడికోడలు ఎర్రబడి చెమటలు తుడుచుకుంటుంటే చూస్తూ నిలబడింది. ఇంకొంచెం చూడాలనిపించింది.

"ఇంకొక్కసారి చూస్తానండీ. పరుగెత్తకపోతే నేను సంతకం పెట్టలేను" అన్నాడు డాక్టరు.

అప్పుడు తోడికోడలు జీవితంలో మొదటిసారి గట్టిగా అరిచింది. "అక్కా! ఎక్కడున్నావు? నీ గుర్రం కదలట్లేదు!"

టైమమ్మ బయటికొచ్చింది. వాడి తల లేచింది, చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆమె పగ్గం అందుకుని నాలుకతో చిన్న చప్పుడు చేసి పరుగందుకుంది. ఇరవై రెండేళ్లవాడు పక్కనే మెడ ఎత్తి, కాళ్లు సమంగా వేస్తూ పరుగెత్తాడు. అటు ఒకసారి, ఇటు ఒకసారి. జనం చప్పట్లు కొట్టారు. డాక్టరు పుస్తకం తెరిచి "పూర్తి" అని రాసి సంతకం పెట్టాడు.

"పన్నెండు," అన్నాడు మొగుడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

టైమమ్మ ఒక్కసారి తోడికోడలి వైపు చూసింది. చూశావా అన్న చూపే అది, అందులో అనుమానం లేదు. తోడికోడలు మాత్రం చేతులు జోడించినంత పని చేసి, "బతికించావు అక్కా" అంది. ఆ మంచితనం కూడా టైమమ్మ ఒంటికి పడలేదు.

"ఇక ఇంటికి పోదాం పదరా" అని టైమమ్మ పగ్గం వ్యాను వైపు తిప్పింది. చుక్కడు రాలేదు. దారి మొదట్లో పాతిన జెండా వైపు మెడ సాచి లాగాడు. జీను తీసేసినా, కాళ్లు వణుకుతున్నా, ఆమె పక్కనుంది కాబట్టి ఇంకో చుట్టు ఉందనే వాడి నమ్మకం. ముందుకాలితో నేల గీకాడు. ఆమె చెయ్యి పెట్టి చూసింది. గుండె మళ్లీ దడదడమంటోంది.

"లేదురా, అయిపోయింది. ఇంకెప్పుడూ లేదు" అంది. పద్నాలుగేళ్లుగా వాడికి ఆమె నేర్పిన మాటల్లో ఆ మాట లేదు. వాడు ఇంకా గట్టిగా లాగాడు.

రేపటినుంచి వాడికి మిగిలింది నిలబడడమే. అది నేర్పగలిగింది ఇంట్లో ఒక్కతే ఉంది. టైమమ్మ కాసేపు పగ్గం బిగించి పట్టుకుంది, ఎవరో లాక్కుంటున్నట్టు. ఎవరూ లాక్కోలేదు. తోడికోడలు నాలుగడుగుల దూరంలో, పిలవనిదే రాకూడదన్నట్టు నిలబడి ఉంది.

"చెల్లీ," అంది టైమమ్మ. పెళ్లై వచ్చినప్పటినుంచీ ఆమెను అలా పిలిచింది లేదు. "రా. నువ్వే పట్టుకో."

పగ్గం ఇచ్చేసి, జీను భుజానికెత్తుకుని, వెనక్కి చూడకుండా వ్యాను వైపు నడిచింది. చూస్తే వాడు మళ్లీ పరుగుకు లేస్తాడు.