తట్టి చూడమన్న సిస్టరమ్మ

మా సిస్టరమ్మ పోయినారు. పోయిన వారం పొద్దున్నే పాలకు పోయిన నా భార్య ఖాళీ గిన్నెతో తిరిగొచ్చి, గడప మీద కూచోని ఆ మాట చెప్పింది. ఆ పొద్దు మా ఇంట్లో కాఫీ కాయలేదు.

బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మేముండే గనివాళ్ళ ఇండ్ల లైన్ల పక్కన చిన్న ఆస్పత్రి ఉండాది. ఆమె అక్కడ నర్సు. ఆమె నాయన కూడా నా మాదిరే గనిలో దిగినాయనే. రిటైరైనాక కూడా సిస్టరమ్మ ఇండ్లకొచ్చి ఆడోళ్ళను పరీక్షలకు పిలుచుకోని పోయేవారు. చలి పొద్దుల్లో ఎవర్నైనా ముట్టుకొనే ముందు అరచేతులు రెండూ రుద్దుకొని వెచ్చ చేసుకునేవారు. చల్లని చెయ్యి పెడితే రెండోసారి ఎవరొస్తారు అనేవారు.

నేను మాటలు తక్కువ మనిషిని. నన్ను చూస్తే ఆమెకు నవ్వులాట. "ఏమప్పా, నీ మాటలన్నీ సైనైడ్ దిబ్బ కింద పూడ్చిపెట్టి వచ్చినావా?" అని, బంగారం తీసినాక మిగిలిన మట్టి గుట్టను చూపించి అడిగేవారు.

కొన్నేండ్ల కింద ఆమె చెప్తేనే నా భార్య గర్భసంచి మూతి పరీక్ష చేయించుకునింది. అక్కడేదో వైరస్ ఉండాది, పుండు ఏమీ లేదు, కొన్నాళ్ళకు మళ్ళా రండి అన్నారు. ఆ 'మళ్ళా రండి'తోనే మాకు గని కాలం గుర్తొచ్చింది. గని మూతపడక ముందు ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీసి రెండోసారి పిలిచినారంటే, రాతి దుమ్ము లోపలికి చేరిందని, ఇంగ ఆ మనిషి పని అయిపోయిందని అనుకునేవాళ్ళం. అందుకే కబురొస్తే మావాళ్ళు ఊరికి పోయి దాక్కునేవాళ్ళు. మేమూ అదే చేసినాము. రమ్మన్న రోజుకు గౌనిపల్లిలో మా మరదలింట్లో కూచున్నాము.

తిరిగొచ్చేసరికి సిస్టరమ్మ మా అరుగు మీద ఉన్నారు. తిట్టలేదు. నా భార్య తల వంచుకొని, ఇది యాడ అంటుకునిందో, నలుగురూ ఏమనుకుంటారో అనింది. ఇది చానామంది మొగుడూ పెండ్లాల నడమ వచ్చేదే, ఎప్పుడొచ్చిందో ఎవరూ చెప్పలేరు, దాన్ని వెతుక్కుంటా కూచోవద్దు అని సిస్టరమ్మ చెప్పినారు. ఒంట్లో కాపలా ఉంటాదంట. ఎక్కువమందిలో ఆ కాపలానే వైరస్‌ను కనిపెట్టి తరిమేస్తాదంట. కొందరిలో మాత్రం అది కాపలా కండ్లు కప్పి ఉండిపోయి, ఏండ్లు గడిచేకొద్దీ క్యాన్సర్ అయితాదంట. ఏది జరుగుతా ఉండాదో మళ్ళా చూస్తేనే తెలిసేది.

అప్పుడు నా తట్టు తిరిగి, గనిలో నా పని ఏమని అడిగినారు. తెలిసే అడిగినారు. రాయి పగలగొట్టే తూటాలు పేలినాక పొగ పోయేదాకా ఆగి, ఇనుప కడ్డీతో నెత్తి మీది రాయిని తట్టి వినేది నా పని. గట్టిగా మోగితే బాగుండాదని, డొల్లగా మోగితే రాలిపోతాదని.

"ఒకసారి తట్టి బాగుండాదన్నాక, మళ్ళా తట్టకుండానే జనాన్ని లోపలికి పంపిస్తావా అప్పా?"

"లేదమ్మా. ప్రతి షిఫ్టుకూ తట్టాల."

"మరి ఈమెను?"

నా భార్య, భయమేస్తా ఉండాది సిస్టరమ్మా అనింది.

"ఉండనీ తల్లీ. ఆ భయాన్ని కూడా పిలుచుకోని రా."

పోయినాము. వైరస్ పోలేదు. చెడు మార్పు కొంచెం మొదలై ఉండింది. డాక్టరు ఆ కాస్త తీసేసినారు. ఆ తర్వాతి పరీక్షలో వైరస్ కూడా కనపడలేదు. నేను చేతులు జోడిస్తే సిస్టరమ్మ ఒప్పుకోలేదు. చెడింది డాక్టరు తీసినారు, మిగిలింది ఈమె ఒళ్ళే చూసుకునింది, నేను మీ అరుగు మీద కూచున్నా అంతే అన్నారు. మా మనవరాలికి ఆ వైరస్ రాకుండా టీకా వేయించిందీ ఆమే. దొంగ మొహాన్ని కాపలాకు ముందే చూపించి పెట్టడం అనేవారు దాన్ని.

నాకు రాసే అలవాటు లేదు. ఆమె మా అరుగు మీద అంతసేపు కూచున్నందుకు ఈ నాలుగు మాటలు.

చర్చిలో పెట్టె మూసే ముందు అందరం వరసలో నిలబడినాము. నా ముందు నా భార్య. ఒక్కొక్కరే సిస్టరమ్మ చెయ్యి ముట్టుకొని పోతా ఉన్నారు. తన వంతు వచ్చినప్పుడు నా భార్య ఆగింది. అరచేతులు రెండూ రుద్దుకునింది. వెచ్చనయ్యేదాకా రుద్దుకొని, అప్పుడు ఆ చెయ్యి పట్టుకునింది. వెనక వరసంతా ఆగింది. జరగమని ఎవరూ అనలేదు.